ఎదుటివాడి మాట ఎవరి పేజీలో? - 'కులనిర్మూలన' రెండో ముద్రణ గురించి

పత్రిక నడిపేవాళ్లు పాఠకుడి మాటకి నాలుగు లైన్ల చోటిస్తే దాన్నే ప్రజాస్వామ్యం అనుకోవటం మనకి అలవాటైపోయింది. చోటిచ్చారా లేదా అన్నది సగం ప్రశ్న మాత్రమే. ఆ మాట మొత్తంగా అచ్చయ్యిందా, ముక్కలుగానా? తీర్పు చెప్పేది సంపాదకుడా, చదివేవాడా? ఈ ప్రశ్నలు పెట్టుకుని అంబేద్కర్ 'కులనిర్మూలన' 1937 ముద్రణని చదవాలంటాం మేము.

ముందు 1933 సంగతి. ఫిబ్రవరి 11న 'హరిజన్' మొదటి సంచిక వచ్చింది. గాంధీ సందేశం అడిగాడు. అంబేద్కర్ సందేశం ఇవ్వలేదు, ఒక ప్రకటన ఇచ్చాడు: అంటరానివాడు కులవ్యవస్థ నుంచి పుట్టినవాడే, కులం పోకుండా అతనికి విముక్తి లేదు. గాంధీ దాన్ని అచ్చేశాడు, కాదనం. కానీ తప్పు కులానిది కాదు, హెచ్చుతగ్గులదని పక్కనే సర్దిచెప్పాడు. అంటరానివాళ్ల పేరున పెట్టిన పత్రికలో అంటరానివాడు అతిథి, గాంధీ ఇంటి యజమాని.

1936లో లాహోర్ జాత్-పాత్ తోడక్ మండల్ అంబేద్కర్‌ని అధ్యక్షోపన్యాసానికి పిలిచింది. రాసిన ఉపన్యాసాన్ని ముందే చూసి, కొన్ని భాగాలు తీసెయ్యమంది. ఆయన కామా కూడా మార్చనన్నాడు. సభ రద్దయింది. సొంత ఖర్చుతో 1500 కాపీలు వేసుకుంటే రెండు నెలల్లో చెల్లిపోయాయి. జూలైలో గాంధీ 'హరిజన్'లో విమర్శ రాశాడు. ఏ సంస్కర్తా ఈ ఉపన్యాసాన్ని పక్కన పెట్టలేడని ఒప్పుకుంటూనే, వర్ణాన్ని వెనకేసుకొచ్చాడు.

మరి అంబేద్కర్ ఏం చేశాడు? రెండో ముద్రణలో గాంధీ వ్యాసాల్ని అనుబంధంగా అచ్చేశాడు. దాని తర్వాతే తన జవాబు పెట్టాడు. మండల్‌తో నడిచిన ఉత్తరాలు పుస్తకం మొదట్లోనే ఉన్నాయి. అంటే పిలిచినవాళ్లూ, వద్దన్నవాళ్లూ, తప్పుపట్టినవాళ్లూ అందరూ ఒకే అట్టల మధ్య ఉన్నారు.

అక్కడా చివరి మాట అంబేద్కర్‌దే గదా అనొచ్చు. నిజమే. కానీ ఎదుటివాడి వాదం అంతా చేతికి అందాక పాఠకుడు అంబేద్కర్‌ని కాదనుకుని కూడా పుస్తకం మూయగలడు. ఆ స్వేచ్ఛ ఇచ్చినవాడు పెద్దరికం చేసినట్టు కాదు, వాదానికి కూర్చున్నట్టు. సాటి మనిషిగా ఒప్పుకోని సమాజంతో వాదనలో సమానంగా కూర్చోవటమే అసలు రాజకీయం. అందుకే ఉత్తరాలూ అనుబంధాలూ తీసేసి ఉపన్యాసం ఒక్కటే అచ్చేస్తే పుస్తకం తగ్గినట్టు కాదు, తగువు తెగిపోయినట్టు. ప్రచురణకర్తలు ఇది గుర్తుంచుకోవాలి.

ఈ కొలబద్ద గాంధీకే పెట్టి ఊరుకుంటే సరిపోదు. 1994లో ఈదుముడిలో మాదిగ దండోరా మొదలయ్యాక దళిత పత్రిక ఏదీ ఈ ప్రశ్న తప్పించుకోలేదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఉపవర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. కోర్టు తేల్చింది చట్టాన్నే, మన మధ్య మాటని కాదు. మాల రాసినదాన్ని మాదిగ తప్పుపడితే, మగవాడు రాసినదాన్ని దళిత స్త్రీ నిలదీస్తే, ఆ ఉత్తరం మన పేజీల్లో మొత్తంగా వస్తుందా? 'స్థలాభావం వల్ల' అని కత్తిరించేస్తామా? అంబేద్కర్ తనని కాదన్నవాడికి తన పుస్తకంలోనే పేజీలిచ్చాడు. ఆయన పేరు చెప్పుకునే పత్రికలు ఆ పాటి చోటు సొంతవాళ్లకివ్వకపోతే ఎట్లా?