మర్రికి చుట్టాలెవరు?

దొంతన్‌పల్లి చుట్టుపక్కల పెద్దవాళ్లకు మర్రి, రావి, మేడి, జువ్వి ఒక వరస చెట్లు. ఆకు తుంచితే నాలుగింటికీ పాలు కారతాయి. శాస్త్రవేత్తలూ వీటిని ఫైకస్ అనే ఒకే ప్రజాతిలో చేర్చారు. కానీ పాలొక్కటే సాక్ష్యమంటే వాళ్లు ఒప్పుకోరు. పాలు జిల్లేడుకూ ఉన్నాయి కదా! మరి ఇంకేం చూస్తారన్నది నాకు ఎంతో ఇష్టమైన విషయం.

చిగురును కప్పి ఉంచే తొడుగు రాలాక కొమ్మ చుట్టూ ఉంగరంలాంటి మచ్చ మిగులుతుంది. ముందు దాన్ని వెతుకుతారు. తర్వాత కాయ కోస్తారు. మనం కాయ అనేది నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి, గోడకు లోపలివైపంతా చిన్నచిన్న పూలే. ఆ పూలకు పుప్పొడి మోసేవి బుల్లి కందిరీగలే; మర్రికైతే యూప్రిస్టినా మసోనీ అనేది. ఇన్ని పోలికలు కలిస్తేనే చుట్టరికం. ఆపైన తేడాలు: మర్రికాయలు తొడిమ లేకుండా ఆకు మొదట్లో జంటగా కాస్తాయి, మేడి కాండానికే గుత్తులు వేస్తుంది, రావి ఆకుకు పొడవాటి తోక. ప్రజాతి నుంచి కుటుంబం అనే పై మెట్టుకెక్కితే పనస, మల్బరీ కూడా వీటి కుటుంబానివే.

వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో మర్రికి ఫైకస్ బెంగాలెన్సిస్ అనీ, మేడికి ఫైకస్ రసెమోసా అనీ పేర్లు పెట్టాడు. ఆయన మన దేశంలో అడుగుపెట్టలేదు. సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలను పరిశీలించిన రాక్స్‌బర్గ్, ఇక్కడి చిత్రకారులతో బొమ్మలు వేయించుకున్నవాడు, 1798లో మేడిని ఫైకస్ గ్లోమెరాటా అన్నాడు. రెండు పేర్లూ ఒకే చెట్టువని తేలాక, ముందు అచ్చయిన పేరే చెల్లాలన్న నియమం ప్రకారం లిన్నేయస్ పేరే నిలిచింది. నా మనసు చెట్టు కింద నిలబడి చూసిన రాక్స్‌బర్గ్ వైపే. అయినా ఆ నియమం సరైనదే. అది లేకపోతే ఒక్క మేడి చెట్టుకే పండితుడికో పేరు చొప్పున పుట్టుకొచ్చేవి, ఒకరు రాసింది ఏ చెట్టు గురించో ఇంకొకరికి అందేది కాదు.

ఈ చెట్లను చూడటానికి మనం దూరం పోనక్కర్లేదు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా, మొయినాబాద్, చేవెళ్ల మీదుగా సాగే బీజాపూర్ రోడ్డు పక్కన దాదాపు 900 మర్రిచెట్లను లెక్కించారు. రోడ్డు విస్తరణలో వాటి సంగతి గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఇంత సంపద పక్కనే ఉండగా మన పిల్లలు వర్గీకరణను బోర్డు మీది పట్టికలా బట్టీ పడుతున్నారంటే నాకు బాధగా ఉంటుంది.

ఈ ప్రాంతపు సైన్సు టీచర్లకు నా మనవి. ఆ పాఠం వచ్చిన రోజు పిల్లలను, వాహనాలు తిరిగే రోడ్డు మీదికి కాదు, ఊళ్లోని మర్రి కిందికి తీసుకెళ్లండి. మర్రికాయనూ మేడికాయనూ కోసి పక్కపక్కన పెట్టండి. పోలికలూ తేడాలూ వాళ్లనే చెప్పనివ్వండి.