కాలం మాటున దాగే ఆధారం

విక్టోరియా రాణి పాలించిన 1837-1901 సంవత్సరాల మధ్యకాలాన్ని నేపథ్యంగా తీసుకుని తరువాతి తరాల రచయితలు రాసిన అపరాధ పరిశోధక నవలలకూ, ఆ కాలంలోనే వెలువడిన విల్కీ కాలిన్స్ ‘మూన్‌స్టోన్’ (1868) వంటి నవలకూ పైకి ఎంత పోలిక కనిపించినా, వాటిని చదివేటప్పుడు కలిగే ఆనందం మాత్రం ఒకటి కాదు. గ్యాస్ దీపం ఎలా వెలుగుతుందో, ఇంటి నౌకర్లలో ఎవరిది ఏ అంతస్తో కాలిన్స్ తన పాఠకులకు చెప్పనక్కరలేకపోయింది. వందేళ్ల తరువాత రాసేవాడు అవన్నీ చెప్పాలి, అదీ పాఠం చెబుతున్నట్టు అనిపించకుండా చెప్పాలి. అయితే ఈ భారమే అతనికి గొప్ప సౌలభ్యం కూడా. నేటి కథలో రచయిత ఒక మందుసీసాను ప్రత్యేకంగా వర్ణిస్తే పాఠకుడికి వెంటనే అనుమానం వస్తుంది. చారిత్రక నవలలో అదే సీసా ఆనాటి జీవితాన్ని చూపించడానికి పెట్టిన వస్తువులా కనిపిస్తుంది కాబట్టి, కళ్ల ముందే ఉన్నా పాఠకుడు దాన్ని దాటిపోతాడు.

ఈ విద్యను పీటర్ లవ్‌సే తన తొలి నవల ‘వాబుల్ టు డెత్’ (1970)లోనే పట్టుకున్నాడు. కథాకాలం 1879, స్థలం లండన్‌లోని ఇస్లింగ్టన్ అగ్రికల్చరల్ హాల్, అంటే పశుప్రదర్శనల కోసం 1862లో తెరిచిన విశాలమైన భవనం. అక్కడ ఆరు రోజుల నడక పందెం జరుగుతుంది. ఆదివారం ఆటలు కూడవు కనుక సోమవారం తెల్లవారకముందే మొదలై శనివారం రాత్రి ముగిసే ఇటువంటి పందాలలో నడవవచ్చు, పరుగెత్తవచ్చు, ఓపిక ఉన్నంతసేపు ఎలాగైనా సాగవచ్చు; ‘వాబుల్’ అని జనం వాడుకగా పిలిచింది ఈ పద్ధతినే. ఇది కల్పన కాదు. 1878 మార్చిలో అదే హాల్లో సర్ జాన్ ఆస్ట్లీ జరిపించిన పందెంలో డేనియల్ ఓ లియరీ 520 మైళ్లు పూర్తిచేసి గెలిచాడు.

నవలలో డారెల్ అనే పోటీదారుడు ఒళ్లు కొయ్యబారి, ఈడ్పులతో చనిపోయినప్పుడు అది మొదట ధనుర్వాతంలా కనిపిస్తుంది. పుళ్లు పడిన పాదాలతో రోజుల తరబడి నడిచేవాడికి ఆ జబ్బు రావడంలో వింత లేదు. కానీ అసలు కారణం స్ట్రిక్నిన్ అనే విషం. మన అడవుల్లోనూ పెరిగే ముష్టిచెట్టు గింజలలో ఉండేది ఈ విషమే. అతి స్వల్ప మోతాదులో దీన్ని బలమిచ్చే మందుగా ఆనాటి వైద్యులు వాడేవారు, పందెగాళ్లకు సత్తువ కోసం శిక్షకులూ ఇచ్చేవారు. ధనుర్వాతం సాధారణంగా దవడ బిగుసుకోవడంతో మొదలై గంటలూ రోజులూ పట్టి ముదురుతుంది. స్ట్రిక్నిన్ మాత్రం నిమిషాలలోనే పట్టుకుని, ఈడ్పుకూ ఈడ్పుకూ మధ్య కండరాలను కొంత సడలనిస్తుంది. విలియం పామర్ అనే వైద్యుడిపై 1856లో జరిగిన హత్యానేర విచారణలో వైద్యనిపుణులు రెండు పక్షాలుగా చీలి వాదించుకున్నది ప్రధానంగా ఈ తేడా గురించే. శవంలో స్ట్రిక్నిన్ దొరకకపోయినా పామర్‌కు ఉరిశిక్ష పడింది. ఈ సంగతి తెలిసి చదివే పాఠకుడికి 1879 నాటి వైద్యుడి తడబాటు కథ కోసం అతికించిన ఎత్తుగా కాక, ఆ కాలపు జ్ఞానానికి ఉన్న నిజమైన ఎల్లగా కనిపిస్తుంది.

ఆ ఎల్లను రచయిత నిజాయితీగా పాటించడంలోనే ఈ నవలల రుచి ఉంది. స్కాట్లండ్ యార్డ్‌లో వేలిముద్రల విభాగం 1901లో గానీ ఏర్పడలేదు; అంతకు ముందటి పరిశోధకుడికి తలుపు పిడి మీద ముద్ర కనిపించినా దానితో చేయగలిగింది ఏమీ లేదు. అతనికి మిగిలేవి మనుషుల మాటలు, రైళ్ల వేళలు, మందుల దుకాణాలలోని విషాల రిజిస్టర్లు. 1868 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం స్ట్రిక్నిన్ వంటి విషం అమ్మేవాడు కొన్నవారి పేరు, చిరునామా, ఎందుకు కొన్నదీ రాసి సంతకం పెట్టించుకోవాలి. ఒక పద్దు వెతకడానికి దుకాణం తరువాత దుకాణం ఎక్కి దిగే శ్రమలో ఉన్న ఉత్కంఠ, ప్రయోగశాల నుంచి వచ్చే ఫలితం కోసం ఎదురుచూసే నేటి కథల్లో అరుదుగా దొరుకుతుంది.

వస్తువుల కన్నా మనస్తత్వాలలో పొరపాటు చేయడం తేలిక. ఇరవయ్యో శతాబ్దపు భావాలున్న మనిషికి పొడవాటి టోపీ తొడిగి పరిశోధకుడని నిలబెట్టే నవలలు తక్కువేమీ కాదు. అవి ఎంత వేగంగా సాగినా చదవడం వృథా. లవ్‌సే సృష్టించిన సార్జెంట్ క్రిబ్ అలాంటివాడు కాదు. అతను పనిచేసే నేరపరిశోధక శాఖ, అంటే సి.ఐ.డి., లంచాల కేసులో 1877లో ముగ్గురు డిటెక్టివ్ అధికారులకు శిక్ష పడిన అప్రతిష్ట నుంచి 1878లో పుట్టింది. కథాకాలానికి దాని వయసు ఏడాది దాటి ఎంతో కాలేదు. పైగా అతని హోదా చిన్నది. పందెంలో ఉన్న చాడ్విక్ సైన్యంలో కెప్టెన్, పెద్దమనిషి. అటువంటి వ్యక్తిని ఒక సార్జెంట్ ప్రశ్నించాలంటే ప్రతి మాటలోనూ వినయం కనబడాలి, ప్రశ్న మాత్రం పదును కోల్పోకూడదు. క్రిబ్ ఎక్కడ ఆగి ‘సర్’ అంటాడో, ఏ జవాబును విననట్టు ఊరుకుంటాడో గమనిస్తూ చదివితే, హంతకుడు ఎవరో తెలిసిపోయిన తరువాత కూడా ఈ నవలను మరోసారి చేతిలోకి తీసుకోవచ్చు.