పైరవీ మాటా మాదే, పైరవీ బాధా మాదే

పైరవీ అన్నది మా ఇళ్లల్లోంచి వెళ్లిన మాట. ఫారసీలో పుట్టి, ఉర్దూ మీదుగా తెలంగాణ పల్లె తెలుగులోకి నడిచొచ్చింది. అడుగుజాడల వెంట నడవడం దాని అసలర్థం. కోర్టులో వేసిన కేసు వెంట తిరిగి నడిపించుకోవడాన్నీ పైరవీ అనే అన్నారు. అందులో తప్పేం లేదు. తిరగగలిగినవాడు తిరగలేనివాడి తరఫున తిరిగి పైసలు పుచ్చుకోవడం మొదలయ్యాక ఆ మాట చెడింది.

దరఖాస్తు, దాఖలా, నకలు, రసీదు, మంజూరు, తాకీదు, జప్తు, సిఫారసు. సర్కారు ఆఫీసులో తెలుగువాడు నోరు తెరిస్తే వచ్చే మాటల్లో మావెన్నో లెక్కపెట్టండి. మాటలు లోపల కుర్చీ వేసుకు కూచున్నాయి. మనుషులం వరండాలో నిలబడ్డాం.

ఈ ఎరుకతోనే మేం ప్రొఫెసర్ జి. రాంరెడ్డిని చదువుతున్నాం. ఆయన 1929లో కరీంనగర్ జిల్లాలో పుట్టారు. ఉస్మానియాలో ప్రభుత్వ పాలనాశాస్త్రం బోధించి, అక్కడే వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ, 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి వైస్ ఛాన్సలర్. 1991లో యూజీసీ ఛైర్మన్ అయ్యారు. 1995లో కన్నుమూశారు. పంచాయతీరాజ్ మీద ఆయన చేసిన పని ఆ శాస్త్రం చదివినవాళ్లందరికీ తెలుసు. మేం మాట్లాడదలచింది వేరే రచన గురించి.

1985లో రాంరెడ్డి, జి. హరగోపాల్ కలిసి 'ఏషియన్ సర్వే' పత్రికలో పైరవీకారు మీద ఓ వ్యాసం రాశారు. ఇంగ్లీషు వ్యాసానికి మన పల్లె మాటనే పేరుగా పెట్టారు. పరాయి దేశపు నమూనా తెచ్చి మన ఊరికి తొడగడం అలవాటైన శాస్త్రంలో ఇది చిన్న పని కాదు. వాళ్లు చెప్పిన సారం ఇది: పేదల కోసం పథకాలు పెరిగాయి. వాటితో పాటు ఫారాలు, సంతకాలు, షరతులు పెరిగాయి. పల్లెలోని పేదకూ ఆఫీసుకూ మధ్య ఓ ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలో పైరవీకారు మొలిచాడు. వాణ్ణి దొంగ అని తిట్టి ఊరుకుంటే చాలదు. వాడు లేనిదే పని జరగని పరిస్థితిని చూడాలి.

ఆ రోజుల్లోనే, 1984లో పటేల్ పట్వారీలు పోయారు. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. ఆఫీసు ఊరికి దగ్గరైంది. పైరవీకారు మాత్రం పోలేదు. దూరం మైళ్లలో ఉంటే గదా!

ఇక్కడే మా ప్రశ్న. ఆ ఖాళీ అందరికీ ఒకే వెడల్పా? ఆ వ్యాసంలో ప్రధానంగా కనపడేది పల్లె పేద. ఆ పేదకు మతం ఉంటుంది, పేరుంటుంది. ఒక కాగితంలో మహమ్మద్, ఇంకో కాగితంలో మొహమ్మద్, మూడో కాగితంలో ఎండీ. ఉర్దూలో ఒక్కటే పేరు. గుమాస్తా చెవికి తోచినట్టు ఒకలా, టైపిస్టు వేలికి తోచినట్టు ఇంకోలా అయ్యింది. ఇంటిపేరు గడిలో ఏం రాయాలి? షేక్ అన్నది ముందు రాయాలా, వెనక రాయాలా? బీఏ చదివిన సాయిబు కూడా తన పేరు తనదేనని రుజువు చేసుకోవడానికి మనిషిని పట్టుకోవాలి. అంటే చదువొక్కటే ఆ ఖాళీని పూడ్చదు.

2007లో 4 శాతం రిజర్వేషన్ల చట్టం వచ్చింది. దాని ఫలం అందాలంటే షేకులమో, ఖురేషీలమో, అత్తరు సాయిబులమో అని కాగితం తేవాలి. దూదేకులవారు అప్పటికే ఇంకో గ్రూపులో ఉన్నారు. సయ్యదులూ పఠాన్లూ జాబితా బయట. షేక్ అన్నది పేరా, జాతా అని కిటికీ అవతల ప్రశ్న. జవాబు పైరవీకారు జేబులో!

కిటికీ అవతల కూచున్నదెవరు? 2006 నాటి సచార్ కమిటీ లెక్కల్లో జనాభాలో మేం 13.4 శాతం. ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం. మీరు ఏలినోళ్లు గదా అంటారు. నిజాం కొలువులో పెద్ద కుర్చీలు నవాబులవీ, జాగీర్దార్లవీ. మా దూదేకులకూ, ఫకీర్లకూ, కసాయివాళ్లకూ అందులో దక్కిందేమిటి? 1948 తర్వాత ఉర్దూ పాలనాభాషగా పోయినప్పుడు చిన్నాచితకా కొలువుల్లో ఉన్న ముస్లింలు ఎందరో రోడ్డున పడ్డారు. ఏలిన పేరు మాకు, పోయిన కొలువూ మాకు.

1989లో వచ్చిన మరో వ్యాసంలో రాంరెడ్డి ఆంధ్రప్రదేశ్ ఆధిపత్య కులాల సర్దుబాటు రాజకీయాన్ని విప్పి చెప్పారు. తాను పుట్టిన వర్గపు అధికారం మీద రాయడంలో నిజాయితీ ఉంది. కానీ సర్దుబాటులో చోటిచ్చేవాడొకడు, ఒదిగి కూచునేవాడొకడు. ఒదిగినవాడు రాస్తే ఆ కథ ఇంకోలా ఉంటుంది.

రాసినదానికన్నా ఆయన కట్టినదాంట్లో మాకు ఎక్కువ జవాబు దొరికింది. 1982 నాటి సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిది. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి అది తెరిచింది. మెకానిక్ షెడ్డులో ఉన్న తమ్ముడికి, బీడీల చాట ముందున్న అక్కకు, పదో తరగతితో బడి మాన్పించిన చెల్లెకు పుస్తకం ఇంటికొచ్చింది. షరతులు తగ్గిస్తే పైరవీకారు అవసరం తగ్గుతుందని రాంరెడ్డి చేసి చూపించారు. వ్యాసంలో వేసిన ప్రశ్నకు జవాబు ఇదే. అయితే ఉర్దూ బడి పిల్లలకు తమ భాషలో జాతీయ విశ్వవిద్యాలయం 1998లో గాని రాలేదు. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా మొదలైన హైదరాబాదులోనే ఇందుకు ఎనభై ఏళ్లు పట్టింది.

2011లో మీ సేవ వచ్చింది. పైరవీకారు వెళ్లి కంప్యూటరు పక్కన కూచున్నాడు. పేరులో ఒక్క అక్షరం తేడా ఉంటే యంత్రం కూడా గుమాస్తాలాగే తిప్పి పంపుతుంది.

గ్రూప్స్ పరీక్షల కోసం పాలనాశాస్త్రం బట్టీపడుతున్న మా పిల్లలకు చెప్పేదొకటే. పైరవీకారు వ్యాసాన్ని చదవండి. చదివి మీ మండలాఫీసు వరండాలో నాలుగు రోజులు కూచోండి. ఎవరు ఎన్నిసార్లు తిరుగుతున్నారో, ఏ పేరు దగ్గర కాగితం ఆగుతోందో రాసుకోండి. రాంరెడ్డి మా మాటను శాస్త్రంలోకి తీసుకెళ్లారు. ఆ మాట వెనకున్న మనిషిని తీసుకెళ్లే పని మనం చేయాలి.