సున్తీ ఆపరేషన్: చిన్న కోతలో పెద్ద పనితనం

ఈజిప్టులోని సఖ్ఖారాలో అంఖ్‌మహోర్ అనే అధికారి సమాధి గోడ మీద సున్తీ దృశ్యం చెక్కి ఉంది. సుమారు 4,300 ఏళ్ల నాటిది. కదలకుండా ఒకరు వెనక నుంచి చేతులు పట్టుకుంటే, ఇంకొకరు ముందు కూర్చుని పనిచేస్తుంటారు. ఇవాళ ఆ పట్టుకునే పని మత్తు ఇంజక్షన్‌ది. అరగంట, ముప్పావుగంటలో అయిపోతుంది కదా అని చాలామంది ఈ ఆపరేషన్‌ను తేలిగ్గా తీసుకుంటారు. దగ్గర నుంచి చూస్తే అందులోని లెక్కకూ ఓర్పుకూ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ముస్లిం, యూదు కుటుంబాల్లో ఇది మతాచారం. మిగతావారు ఎక్కువగా ఫైమోసిస్‌తో వస్తారు. అంటే ముందరి చర్మం బిగుసుకుపోయి వెనక్కి జరగదు. పసిపిల్లల్లో అది సహజమే. వయసుతో చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది, కొందరికి డాక్టరు రాసిచ్చే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్‌తో వదులవుతుంది. బలవంతంగా మాత్రం లాగకూడదు. పెద్దయ్యాక కొత్తగా బిగుసుకుని చిట్లుతుంటే షుగరు పరీక్ష చేయించాలి. ఎవరికి కత్తి అక్కర్లేదో చెప్పగలగడం మంచి సర్జన్ మొదటి లక్షణం.

ఇక పని చూద్దాం. అంగం మొదట్లో, పైవైపు నరాల దగ్గర లిగ్నోకైన్ మత్తుమందు ఇస్తారు. నొప్పి తెలియడం లేదని గిల్లి చూసుకున్నాకే ముందుకెళ్తారు. స్లీవ్ పద్ధతిలో పెన్నుతో రెండు గీతలు గీస్తారు. చర్మం మామూలుగా ఉన్నప్పుడు లోపలి మొన (అంగం చివరి గుండ్రటి భాగం) అంచు ఎక్కడ తెలుస్తుందో అక్కడ మొదటిది. చర్మాన్ని వెనక్కి జరిపి, లోపలి పొర మీద మొన అంచుకు అర నుంచి ఒక సెంటీమీటరు దూరంలో రెండోది. మధ్యలోని పట్టీనే తీసేస్తారు. ఎక్కువ తీస్తే అంగం గట్టిపడినప్పుడు చర్మం చాలక లాగుతుంది. తక్కువ తీస్తే బిగుతు మళ్లీ వస్తుంది. దర్జీకి ఉన్నట్టు కుట్టు విప్పి వదులు చేసే వెసులుబాటు ఇక్కడ లేదు.

ఆ తర్వాత రక్తం. అడుగున ఫ్రెన్యులమ్ (ముందరి చర్మాన్ని మొనకు కలిపే సన్నని మడత) దగ్గరి చిన్న ధమని మొండికేస్తుంది. పెద్ద నాళాలను దారంతో ముడివేస్తారు, చిన్నవాటిని బైపోలార్ కరెంటుతో మాడుస్తారు. బైపోలార్‌లో కరెంటు పట్టకారు రెండు కొసల మధ్యనే తిరుగుతుంది కాబట్టి సన్నని అంగం గుండా పారి హాని చెయ్యదు. రక్తం కారడం పూర్తిగా ఆగాకే సూది పడతారు.

నన్ను ముగ్ధుణ్ణి చేసేది కుట్టు. అంగం అడుగున నిలువునా ఒక సన్నని గీత ఉంటుంది. అది ఫ్రెన్యులమ్‌తో ఒకే వరసలో కలిసేలా, గడియారంలో 6 దగ్గర, మొదటి కుట్టు వేస్తారు. ఆ తర్వాత 12, 3, 9 దగ్గర. ఈ నాలుగూ కుదిరాకే మధ్యలో మిగతావి. మొదటిది పక్కకు పోతే చర్మమంతా మెలితిరుగుతుంది. దారం దానంతటదే కరిగిపోతుంది.

ఇప్పుడు స్టేప్లర్లూ వచ్చాయి. కోత, కుట్టు ఒకేసారి పడతాయి. అయినా సరైన సైజు ఎంచడానికి, చర్మం ఎంతవరకు లాగాలో తేల్చడానికి తెలిసిన చెయ్యి కావాల్సిందే.

ఈ ఆపరేషన్‌కు మరో ప్రయోజనమూ ఉంది. దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాల్లో జరిగిన పరీక్షల్లో స్త్రీ నుంచి పురుషుడికి హెచ్‌ఐవీ సోకే ముప్పు సున్తీ వల్ల దాదాపు 60 శాతం తగ్గినట్టు తేలింది. ఆ వ్యాధి ఎక్కువగా ఉన్న దేశాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో దీన్ని సిఫారసు చేసింది. అయినా కండోమ్ అవసరం తీరదు.

ఇంటికొచ్చాక కొన్నాళ్లు వాపు ఉంటుంది. రాత్రి అంగం గట్టిపడితే నొప్పి పుడుతుంది కాబట్టి మూత్రానికి వెళ్లొచ్చి పడుకోవడం మేలు. ఆరు వారాలు సంభోగం, హస్తప్రయోగం వద్దు. కట్టు తడిసేలా రక్తం కారినా, మూత్రం రాకపోయినా, చీము, జ్వరం కనిపించినా, మొన నల్లబడినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

రక్తం గడ్డకట్టని జబ్బు ఇంట్లో ఎవరికున్నా, రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నా ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు చెప్పండి. మూత్రరంధ్రం అడుగువైపు ఉన్న పిల్లలకు సున్తీ చేయించకండి, దాన్ని సరిచేయడానికి ఆ చర్మమే కావాల్సి రావచ్చు. సిగ్గుపడకుండా సర్జన్‌ను అడగండి: ఏ పద్ధతి, ఎంత తీస్తారు, రక్తం కారితే రాత్రిపూట ఎవరికి ఫోన్ చెయ్యాలి? పనితనం ఉన్న డాక్టరు ఈ మూడింటికీ ఓపిగ్గా జవాబు చెప్తారు.