తోక చూసి కత్తి కొనాలి

నేను కొన్న మొదటి అడవి కత్తి రెండు దెబ్బలకే విరిగింది. ఎనిమిదిన్నర అంగుళాల బ్లేడు, వీపు మీద రంపపు పళ్లు, బోలు పిడి, పిడి మూతలో బుల్లి దిక్సూచి, లోపల అగ్గిపుల్లలు, గాలం. 1982లో వచ్చిన ‘ఫస్ట్ బ్లడ్’ సినిమాలో స్టాలోన్ చేతిలో అలాంటిది చూసినప్పటి నుంచీ ఉన్న మోజు. పెట్టె విప్పగానే మా ఆవిడ “అడవికి వెళ్తున్నారా, ఫ్యాక్షన్ సినిమాకా?” అంది.

ఆ శనివారం వికారాబాద్ దగ్గర మిత్రుడి మామిడితోటలో గుడారం వేశాం. పొయ్యిలోకి కట్టె చీల్చుదామని కత్తి ఆనించి, దాని వీపు మీద దుడ్డుకర్రతో రెండు దెబ్బలు వేశాను. బ్లేడు కట్టెలో ఇరుక్కుంది, పిడి నా చేతిలో మిగిలింది. దిక్సూచి ఎగిరి గడ్డిలో పడింది. అది ఇప్పటికీ అక్కడ ఉత్తరం చూపిస్తూనే ఉండాలి.

మర్నాడు ఆ ముక్కల్ని ఊళ్లో కమ్మరాయనకు చూపించాను. అటూ ఇటూ తిప్పి నవ్వాడు. “దీనికి తోకేది సారూ? తోక లేని కత్తి ఎట్ల నిలుస్తది?”

తోకంటే పిడిలోకి దూరే బ్లేడు భాగం. పిడి బోలుగా ఉండాలంటే ఆ తోకను మొదట్లోనే కురచ చేసి పిడికి అతికించాలి. ఇక ప్రతి దెబ్బ బరువూ ఆ అతుకు మీదే పడుతుంది. సినిమా కోసం ఆ కత్తి చేసిన అమెరికన్ పనివాడు జిమ్మీ లైల్ తన అతుకు గట్టిగానే వేసి ఉంటాడు. నాకు దొరికింది దాని నకలుకు నకలు. కమ్మరాయన తాను చేస్తున్న కత్తి చూపించాడు. లారీ కమాన్ పట్టీ ముక్కను సాగగొట్టి, మొన నుంచి పిడి కొస దాకా ఒకే ఉక్కుగా ఉంచాడు. రెండు పక్కలా చెక్కలు పెట్టి రివెట్లు కొట్టాడు. కత్తి కొనేవాడు బ్లేడు చూసి మురిసిపోతాడనీ, చూడాల్సింది పిడి లోపలనీ నాకు అక్కడే తెలిసింది.

అప్పటి నుంచి ఒక పని అలవాటు చేసుకున్నాను. బయట గుడారం వేసిన ప్రతిసారీ కత్తితో ఏమేం కోశానో చిన్న పుస్తకంలో రాసుకుంటాను. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, నైలాన్ తాడు, మ్యాగీ ప్యాకెట్లు, బొబ్బ మీద వేయడానికి ప్లాస్టరు, పొయ్యి రాజేయడానికి చెక్క పేళ్లు. ఎలుగుబంటితో పోరాటం ఇంతవరకూ నమోదు కాలేదు. ఈ జాబితాకు నాలుగంగుళాల బ్లేడు చాలు. మందం మూడు మిల్లీమీటర్లు దాటితే ఉల్లిపాయ తెగదు, పగులుతుంది.

మరి తోక కొసదాకా ఉండి తీరాలా? కత్తి వీపు మీద కొట్టి కట్టెలు చీల్చేవాళ్లకు ఉండాలి. స్వీడన్‌లో మోరా అనే ఊరి పేరుతో వచ్చే కత్తులున్నాయి. వాటిలో బాగా అమ్ముడయ్యే రకానికి ప్లాస్టిక్ పిడి, సుమారు నాలుగంగుళాల బ్లేడు, రెండున్నర మిల్లీమీటర్ల మందం. తోక పిడి చివరిదాకా రాదు, అయినా పిడి లోపల చాలా దూరం వెళ్లి గట్టిగా కూర్చుంటుంది. పేళ్లు చెక్కడానికి, కూర కోయడానికి దాన్ని మించింది ఆ ధరలో నాకు కనిపించలేదు. దాని అంచు రెండు పక్కలా వెడల్పుగా, చదునుగా వాలి ఉంటుంది. సానరాయి మీద ఆ వాలునే ఆనించి రుద్దితే చాలు. కోణం కుదరక తంటాలు పడే కొత్తవాళ్లకు ఇది పెద్ద వరం.

మడత చాకు సరిపోదా అంటారు. జేబులో పెట్టుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ టమాటా రసం, ఇసుక దాని కీలులో చేరితే అడవిలో కడగడం కష్టం. తాళం సరిగ్గా పడకపోతే వేళ్ల మీదే మూసుకుంటుంది. మడవని కత్తిని ఒక్కసారి నీళ్లతో కడిగి తుడిచేస్తే పని అయిపోయింది.

ఇక ఉక్కు. ఒకప్పుడు నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. ఇంగ్లిష్‌లో ‘వూట్జ్’ అన్న పేరు మన ‘ఉక్కు’ నుంచే పుట్టిందంటారు. ఆ ఉక్కులో కార్బన్ నూటికి సుమారు ఒకటిన్నర పాళ్లు. ఇవాళ కత్తులకు వాడే 1095 రకంలో సుమారు 0.95. కార్బన్ ఉక్కు చక్కగా పదునెక్కుతుంది, కానీ తడి తగిలితే తుప్పు పడుతుంది, పచ్చిమామిడి కోస్తే నల్లబడుతుంది. ఇనుప కత్తిపీట వాడిన ఇంట్లో ఎవరినడిగినా ఈ సంగతి చెబుతారు. వాడాక తుడిచి రెండు చుక్కల కొబ్బరినూనె రాసే ఓపిక ఉంటే అది తీసుకోండి. లేదంటే, ముఖ్యంగా వానాకాలం తిరిగేవాళ్లు, స్టెయిన్‌లెస్ తీసుకోవడం మేలు.

ఒరను చాలామంది లెక్క చేయరు. తోలు ఒర అందంగా ఉంటుంది, కానీ వానకు తడిసిందంటే ఆ తేమను రోజుల తరబడి కత్తికి అంటిస్తూనే ఉంటుంది. అడుగున చిల్లున్న ప్లాస్టిక్ ఒరలో నీళ్లు నిలవవు. దుకాణంలోనే కత్తిని ఒరలో పెట్టి, మెత్తటి సంచి మీద తలకిందులుగా పట్టుకుని ఊపండి. జారి పడిందంటే అక్కడే వదిలేయండి. కొండ దిగుతూ జారినప్పుడు అది పడేది మీ తొడ మీద.

చట్టం సంగతీ తెలుసుకోవాలి. ఇల్లు, వ్యవసాయం వంటి పనులకు చేసినవి కాకుండా, తొమ్మిది అంగుళాలు మించిన పొడవో రెండంగుళాలు మించిన వెడల్పో గల బ్లేడున్న కత్తుల్ని ఆయుధ నిబంధనలు ఆయుధాల్లో లెక్కగడతాయి. విమానంలో కత్తి చేతిసంచిలో కుదరదు, చెక్-ఇన్ సామానులో వేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. ఆయుధమంటే ఏమిటో చెప్పిన చోట అది కత్తినీ చేర్చింది. రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి అడుగు పెట్టకూడదంది. నల్లమలలోని అభయారణ్యాలకు వెళ్లేటప్పుడు నా కత్తి ఇంట్లోనే ఉంటుంది. ఉల్లిపాయలు ముందే తరిగి డబ్బాలో వేసుకెళ్తాను.

కొనాలనుకుంటే వెంటనే కొనకండి. ఈసారి అనుమతి ఉన్న చోట గుడారం వేసేటప్పుడు వంటింటి చాకును అట్టముక్కలో చుట్టి తీసుకెళ్లండి. ఏమేం కోశారో రాసుకుని, ఆ కాగితం పట్టుకుని దుకాణానికి వెళ్లండి. బ్లేడు సంగతి తర్వాత, తోక ఎంతవరకూ ఉందో ముందు అడగండి. అమ్మేవాడికి జవాబు తెలియకపోతే ఇంకో దుకాణం చూసుకోండి.