కత్తెర మొనన పుట్టిన స్వర్ణ

అమలాపురం వైపు సార్వా ఆకుమడి ఎప్పుడైనా దగ్గరగా చూడండి. వాన దంచికొట్టి మడిలో నీరు నిలిచినా, నారు తలెత్తి నిలబడితే రైతు గుండె నిమ్మళిస్తుంది. ఆ బలం వెనుక ఓ చేతిపని ఉంది. దాన్ని చూడాలంటే వశిష్ట గోదావరి దాటి మార్టేరు వెళ్లాలి.

అక్కడి వరి పరిశోధన కేంద్రం 1925లో మొదలైంది. రెండు వరి రకాలను కలిపి కొత్తది పుట్టించేందుకు అక్కడ సాయంత్రం వేళ తల్లి మొక్క వెన్నులో ఒక్కో పువ్వు కొసను కత్తెరతో తుంచి, లోపలున్న ఆరు కేసరాలనూ తీసేస్తారు. ఒక్కటి మిగిలినా పువ్వు తన పుప్పొడితోనే గింజ కట్టేస్తుంది, పడ్డ శ్రమ వృథా. వెన్నుకు కాగితం సంచి తొడిగి, మర్నాడు పువ్వులు విచ్చే వేళకు తండ్రి వెన్ను తెచ్చి దానిపై దులుపుతారు. పట్టిన గుప్పెడు గింజల సంతతిని ఆరేడు తరాలు పెంచుతూ మొలక బలం, పిలకలు, గింజ బరువు చూసి ఏరుకుంటూ పోతారు.

అలా వశిష్ట, మసూరి రకాల కలయికతో పుట్టిందే 1982లో విడుదలైన స్వర్ణ, ఎం.టి.యు. 7029. గోదావరి డెల్టా దాటి ఒడిశా, బెంగాల్ చేలకూ పాకింది. ఒడిశా దేశవాళీ వరి నుంచి ముంపును తట్టుకునే జన్యువు తెచ్చి చేర్చిన స్వర్ణ-సబ్1 2009లో వచ్చింది. రెండు వారాలు నీట మునిగినా అది మళ్లీ పచ్చబడుతుంది.

కంచంలో అన్నం ముందు కూర్చున్నప్పుడు రైతుతోపాటు ఆ కత్తెర పట్టిన చేతులకూ దణ్ణం పెట్టుకుందాం.