రాలిన పండు ఎవరిది?

కావ్యాన్ని పండుతో కొలవడం తెలుగునాట చిరకాలపు అలవాటు. కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానాన విద్యానాథుడు తన అలంకార గ్రంథంలో ద్రాక్షాపాకాన్నీ నారికేళపాకాన్నీ నిర్వచించినాడు. ఈ రెండింటి నడుమ కదళీపాకం కూడ లోకవ్యవహారంలో చేరినది. నోట వేసుకొనగానే రసం ఊరేది ఒకటి. తొక్క ఒలుచుకొని తినవలసినది ఒకటి. పీచు తీసి, చిప్ప పగులగొట్టితే గాని అందనిది మరొకటి. ఇది పాఠకుని శ్రమను బట్టి చేసిన విభాగం. ఇందులో పండున్నది, తినేవాడున్నాడు. చెట్టు మాత్రం లేదు. అది ఎవరి పెరటిలోనిది, కాయను అందుకొన్న చేయి ఎవరిది అన్న ప్రశ్న ఆలంకారికునికి అవసరం లేకపోయినది.

ప్రాచీన కథలలో పండు భక్తితో సమర్పించే వస్తువు. భాగవత దశమస్కంధంలో పండ్లమ్మే స్త్రీ బాలకృష్ణుని దోసిలి నింపినది. ఆమె గంప రత్నాలతో నిండినది. రామాయణంలో శబరి పంపాతీరాన దొరికిన వన్యాహారాన్ని రామునికై కూర్చి ఉంచినది. ఆమె పండ్లను కొరికి రుచి చూసి పెట్టినదన్న ముచ్చట వాల్మీకంలో లేదు. తరువాతి భక్తిసంప్రదాయం దానిని చేర్చుకొన్నది. ఆ కల్పనలోనూ ఒక లోకసత్యం ఉన్నది. అడవిలోని రేగుచెట్టుకు యజమాని లేడు కనుక శబరి ఎవరి అనుమతీ లేకుండ రుచి చూడగలిగినది. చెట్టు చుట్టూ కంచె లేచిన నాడు ఆ శబరియే దొంగ అవుతుంది. ఆధునిక భారతీయ సాహిత్యం పట్టుకొన్నది సరిగా ఈ ఘట్టాన్నే.

1896లో వెలువడిన ‘చిత్ర’ సంపుటిలోని రవీంద్రుని ‘దుయి బిఘా జమి’ ఇందుకు తొలి ఉదాహరణగా తీసుకొనదగినది. ఉపేన్‌కు మిగిలినది రెండు బిఘాల నేల. జమీందారు తన తోట నిడివి వెడల్పులు సమానం కావలెనని దానిని కోరినాడు. ఇవ్వనన్నందుకు అప్పు పేరిట డిక్రీ తెచ్చి కాజేసినాడు. ఏండ్ల తరబడి సాధువేషంలో తిరిగి తిరిగి ఉపేన్ ఊరు చేరినాడు. చిన్ననాటి మామిడిచెట్టు కింద కూర్చుండగా గాలికి రెండు పండ్లు అతని చెంత రాలినవి. తల్లి తనను గుర్తుపట్టి ఇచ్చినదనుకొని వాటికి తల వంచినాడు. అంతలో తోటమాలి వచ్చి దొంగ అని పట్టుకొనిపోయినాడు. నేలను దోచినవాడు తీర్పరి, రెండు పండ్లు ముట్టినవాడు దొంగ. అన్యాయాన్ని ఇంత కొద్ది సామగ్రితో నిలబెట్టిన కవితలు అరుదు. అయినా ఒక కొరత కనిపిస్తుంది. ఉపేన్ ఆ పండ్లను తినలేదు. చేతికి వచ్చిన క్షణంలోనే అవి వ్యాజ్యంలో సాక్ష్యాలైనవి. కవిత వ్యంగ్యమైన తీర్పుతో ముగుస్తుంది; పాఠకుని నాలుకకు ఏ రుచీ మిగలదు.

ఆ రుచిని విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ ఇచ్చినాడు. 1929లో గ్రంథరూపం పొందిన ‘పథేర్ పాంచాలి’లో రెండవ భాగానికి పేరే మామిడిటెంకె బూర అని అర్థమిచ్చే ‘ఆమ్ ఆంటిర్ భేంపు’. దుర్గ ఏరి తెచ్చిన పచ్చి మామిడి పిందెలకు నూనె, ఉప్పు కలిపి, తల్లి చూడకుండ, అక్కా తమ్ముడూ తింటారు. తరువాత తల్లి పెట్టినది నమలలేక, మామిడికాయ తిని పళ్ళు పులిసినవని అపూ నోరు జారబోతాడు. అక్క కంటిసైగతో ఆపుతుంది. కొంత కాలానికి పొరుగింటి ఇల్లాలు వచ్చి, దుర్గ ఆటపెట్టెలో పూసలదండతోపాటు తమ తోటలోని మామిడికాయలు దొరికినవని రచ్చ చేస్తుంది. తల్లి అవమానం భరించలేక కూతురిని కొడుతుంది. అక్కడ తినడంలోని ఆనందం నేరారోపణకు పీఠిక కాదు. అది దానికదే సంపూర్ణం. అందుకే దెబ్బలు పాఠకునికి తగులుతాయి. 1955లో సత్యజిత్ రాయ్ తీసిన చలనచిత్రంలో ఆ తోట ఒకప్పుడు దుర్గ కుటుంబానిదే, అప్పు కింద పోయినది. రవీంద్రుని ఉపేన్, విభూతిభూషణుని దుర్గ అక్కడ ఒకే చెట్టు కింద కలుసుకొన్నట్లు అనిపిస్తుంది.

వైలోప్పిళ్ళి శ్రీధర మేనోన్ 1936లో ప్రకటించిన మలయాళ కవిత ‘మాంపళం’లో పొరుగువారితో తగవు లేదు. చెట్టు సొంత పెరటిదే. పూతను విరిచినందుకు తల్లి బిడ్డను మందలించినది. పండ్లు ఏరుకొనడానికి తాను రానని బిడ్డ అలిగినాడు; పండ్లు పండకముందే వెళ్ళిపోయినాడు. పొరుగు పిల్లలు చెట్టు కింద ఆడుతుండగా, తొలిగా రాలిన పండును తల్లి బిడ్డ నిద్రించే మట్టిపై ఉంచుతుంది. కంచె ఇరుగుపొరుగుల నడుమ మాత్రమే ఉండదు; రేపటి కాపు మీది ఆశకూ నేటి ఆటకూ నడుమ కూడ ఉంటుందని ఈ కవిత చూపినది. మువ్వురిలో ఎవరి మీదా కోపం తెప్పించకుండ దుఃఖాన్ని సాధించినవాడు వైలోప్పిళ్ళి.

ఈ మూడింటిని చదివిన తెలుగు రచయిత తన పెరటివైపు చూడవలసియున్నది. తెలుగు స్మృతిరచనలలో జామచెట్టు తరచుగా బాల్యానికి గుర్తుగా వచ్చి, తీపిగా తలపుకు తగిలి, వెళ్ళిపోతుంది. గోడ దాటి వీధిలోకి వంగిన ఆ కొమ్మ ఎవరిది, దాని కింద నిలిచిన పిల్లలలో ఎవరికి పిలిచి ఇచ్చినారు, ఎవరిని అదిలించినారు అన్నది చెప్పకపోతే ఆ తీపి సగం అబద్ధం. సామగ్రికి లోటు లేదు. భోగినాడు పిల్లల తలపై పోసే రేగుపండ్లున్నవి. నాలుకను నల్లబరిచే నేరేడున్నది. దక్కను గుట్టలపై ఎవరూ నాటకుండ పెరిగే సీతాఫలమున్నది. అమెరికా ఖండం నుండి వచ్చిన ఆ చెట్టుకు ప్రజలు సీత పేరు పెట్టుకొన్నారు. అక్కడిదే అయిన సీమచింత తన పరాయితనాన్ని పేరులోనే ఉంచుకొన్నది. ఒకటి ఎట్లు ఇంటిదైనది, ఒకటి ఎట్లు కాలేదన్నది కథకునికి చాలినంత వస్తువు. పెరటిచెట్టు మందుకు పనికిరాదన్న సామెత వైద్యానికెంత నిజమో గాని, సాహిత్యానికి నిజం కాదు.

ద్రాక్ష, కదళి, నారికేళాలు కొని తెచ్చినవైనా కావచ్చును, కానుకగా వచ్చినవైనా కావచ్చును. ఏరుకొన్న కాయకు పాకశాస్త్రంలో చోటు దొరకలేదు. అపూ పళ్ళు పులిసిన ఆ పూట రుచికి ఆలంకారికులు పేరు పెట్టలేదు; ఆ పేరు పెట్టవలసిన పని రచయితలకు మిగిలియున్నది.